లూపస్ మూత్రపిండంలో గాయం చేసేది ఎవరు?

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభలో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే, నా మనసు 1948 దగ్గర ఆగింది. ఆ ఏడాది ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి, అప్పటికి నిండా 54 ఏళ్లు లేవు. అంతకు రెండు నెలల ముందే, జూన్‌లో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించారు. లెడర్లీ సంస్థలో సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపిన అమినోప్టెరిన్ ఇస్తే, రక్త క్యాన్సర్ వచ్చిన కొందరు పిల్లల్లో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని అందులో రాశారు. అదే ఏడాది జనవరిలో మయో క్లినిక్‌కు చెందిన మాల్కమ్ హార్‌గ్రేవ్స్, ఆయన సహచరులు రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు ఉన్నవారి ఎముక మూలుగలో అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక కణాన్ని వర్ణించారు. సెప్టెంబరులో అదే ఆస్పత్రిలో ఫిలిప్ హెంచ్ తీవ్రమైన కీళ్లవాతంతో మంచాన పడ్డ ఒక మహిళకు కార్టిజోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది.

కణాల విభజనను అడ్డుకునే మందు, జబ్బును పట్టి చూపించే కణం, వాపును అణిచే స్టిరాయిడ్. ఈ మూడూ ఒకే ఏడాదిలో వెలుగు చూశాయి. లూపస్ మూత్రపిండాల వైద్యం ఆ తరువాత యాభై ఏళ్ల పాటు ఈ మూడింటి మీదే నడిచింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అందులో రెండోదాని గురించి, అంటే కణాల గురించి. లూపస్‌లో కిడ్నీని పాడుచేసేది యాంటీబాడీలు అని మేం చదువుకున్నాం, చాలాకాలం అదే పాఠం చెప్పాం కూడా. అందులో నిజం ఉంది, కానీ సగమే. యాంటీబాడీ వచ్చి కిడ్నీలో పేరుకోవడం ఒక ఘట్టం, దాన్ని చూసి తెల్ల రక్తకణాలు స్పందించడం రెండో ఘట్టం. ఈ రెండో ఘట్టం లేకపోతే మొదటిది ఉన్నా కిడ్నీ నిలబడగలదు. ఈ సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. తేలాక వైద్యం దారే మారింది.

హార్‌గ్రేవ్స్ చూసిన కణం దగ్గర కాసేపు ఆగుదాం. గాజుపలక మీద మూలుగ రక్తాన్ని పరిచి, రంగు వేసి చూస్తే ఒక న్యూట్రోఫిల్ కనబడుతుంది. న్యూట్రోఫిల్ అంటే మన రక్తంలో అన్నింటికన్నా ఎక్కువ సంఖ్యలో తిరిగే తెల్లకణం. దాని కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా మధ్యలో ఉండాలి. ఇక్కడ అది ఒక అంచుకు నెట్టుకుపోయి ఉంది. కడుపంతా ఊదారంగు ముద్ద ఒకటి నిండి ఉంది. ఆ ముద్ద మరో కణపు కేంద్రకం. చచ్చిన కణం తాలూకు కేంద్రకాన్ని ఈ న్యూట్రోఫిల్ మింగింది. దీనికే ఎల్‌ఈ కణం అని పేరు పెట్టారు. ఆరోగ్యవంతుల కణాలకు లూపస్ రోగి రక్తరసం కలిపినా ఇదే దృశ్యం కనిపించింది. అంటే రోగి రక్తరసంలో కేంద్రకాన్ని అంటిపెట్టుకునేది ఏదో ఉంది. 1957 నాటికి దాని గుట్టు తెలిసింది. వేర్వేరు దేశాల్లో కొన్ని బృందాలు దాదాపు ఒకేసారి, లూపస్ రోగుల రక్తంలో డీఎన్‌ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయని కనుక్కున్నాయి. పదేళ్ల తరువాత, 1967లో, రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో హెన్రీ కుంకెల్ బృందం లూపస్‌తో చనిపోయిన వారి కిడ్నీల నుంచి ఆ యాంటీబాడీలను బయటికి రాబట్టింది. కిడ్నీలో ఉన్నది అదే, గాయం చేసిందీ అదేనని అందరూ అనుకున్నారు. కేసు మూసేసినట్టే అయింది.

లూపస్ వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లు, అందులోనూ ఎక్కువమంది పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు. వీళ్లలో సుమారు సగం మందికి ఏదో ఒక దశలో కిడ్నీ దెబ్బతింటుంది. మనలాంటి ఆసియా వాళ్లలో, నల్లజాతి వాళ్లలో అది మరీ ఎక్కువ. ముందుగా కీళ్ల నొప్పులు, ఎండలోకి వెళితే బుగ్గల మీద ఎర్రటి మచ్చ, జుట్టు ఊడటం, విడవని జ్వరం కనిపిస్తాయి. కిడ్నీ మాత్రం చడీచప్పుడు లేకుండా చెడుతుంది. నొప్పి ఉండదు. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాలకు నీరు, మూత్రంలో నురగ. నురగ వచ్చే ముందే మూత్ర పరీక్షలో అల్బుమిన్ కనిపిస్తుంది. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ఏ పాటిదో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

ఇంతకూ మన డీఎన్‌ఏ మీద మనకే యాంటీబాడీలు ఎందుకు పుడతాయి? ఒంట్లో రోజూ కోట్లాది కణాలు చస్తాయి. చచ్చినవాటిని మాక్రోఫేజ్‌లు చప్పుడు చేయకుండా మింగి శుభ్రం చేస్తాయి. ఈ శుభ్రం చేసే పనిలో కాంప్లిమెంట్ ప్రోటీన్లు సాయపడతాయి. వాటిలో మొట్టమొదటిది సీ1క్యూ. పుట్టుకతోనే సీ1క్యూ లేనివాళ్లు అరుదుగా ఉంటారు, వాళ్లలో దాదాపు అందరికీ లూపస్ వస్తుంది. ఒకే ఒక్క ప్రోటీన్ లోపంతో ఇంత కచ్చితంగా లూపస్ రావడం చూస్తే, చచ్చిన కణాలను ఎత్తివేయడంలో జాప్యమే ఈ జబ్బుకు మూలమని అనిపించక మానదు. 1998లో మారినా బోట్టో, మార్క్ వాల్‌పోర్ట్ బృందం సీ1క్యూ లేని ఎలుకలను తయారుచేసి చూస్తే, వాటి కిడ్నీల్లో ఎత్తివేయని మృతకణాల శకలాలు పోగుపడి కనిపించాయి.

న్యూట్రోఫిల్ చావు మరీ చిత్రమైనది. 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆర్టురో జిచ్‌లిన్‌స్కీ బృందం, క్రిమిని ఎదుర్కొనే న్యూట్రోఫిల్ తన డీఎన్‌ఏనే దారాలుగా బయటికి విసిరి, ఆ దారాల్లో క్రిమిని బంధిస్తుందని చూపించింది. ఈ దారాలను నెట్ అంటున్నారు. పని అయ్యాక రక్తంలోని డీఎన్‌ఏస్ అనే ఎంజైమ్ వాటిని కరిగించేయాలి. కొందరు లూపస్ రోగుల రక్తరసానికి ఈ దారాలను కరిగించే శక్తి తక్కువ. అలాంటి వాళ్లలోనే కిడ్నీ జబ్బు ఎక్కువని కూడా అదే నగరం నుంచి 2010లో వచ్చిన పరిశోధన చెప్పింది. బయటపడిన డీఎన్‌ఏ, దానికి అంటుకున్న ప్రోటీన్లు, వాటికి అంటుకున్న యాంటీబాడీ కలిసి ఒక ముద్దవుతాయి. దీన్ని ప్లాస్మాసైటాయిడ్ డెండ్రైటిక్ కణం అనే అరుదైన కణం లోపలికి లాక్కుంటుంది. ఆ కణం లోపల టోల్ గ్రాహకాలు ఉంటాయి. వైరస్ డీఎన్‌ఏనో, ఆర్‌ఎన్‌ఏనో పసిగట్టడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. మన డీఎన్‌ఏను అది వైరస్‌దిగా పొరబడి, పెద్ద ఎత్తున ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది.

ఇంటర్‌ఫెరాన్ అంటే ఊళ్లో దొంగలు పడ్డారన్న కేక. ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లునొప్పులు, జ్వరం, నీరసం చాలావరకు దాని పనే. క్రిమి పోగానే ఆ కేక ఆగిపోతుంది. లూపస్‌లో అది ఆగదు. 2003లో రెండు బృందాలు చాలామంది లూపస్ రోగుల రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ మేల్కొలిపే జన్యువులన్నీ ఒక్కసారిగా పనిచేస్తున్నాయని కనిపెట్టాయి. ఎన్నాళ్లయినా తగ్గని ఆ అలసటను పట్టుకుని ‘అంతా బద్ధకం’ అని అత్తింట్లోనో, ఆఫీసులోనో తేల్చేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆడవాళ్లకే ఎందుకు అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే కొంత జవాబు దొరికింది. టోల్ గ్రాహకాల్లో టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవాళ్ల ప్రతి కణంలో రెండు ఎక్స్‌లు ఉన్నా, ఒకటి మూగబోయి ఉంటుంది. టీఎల్‌ఆర్7 మాత్రం కొన్ని కణాల్లో ఆ మూగ ఎక్స్ మీది నుంచి కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2022లో కరోలా విన్యూసా బృందం, చిన్నతనంలోనే తీవ్రమైన లూపస్ వచ్చిన ఒక బాలికలో టీఎల్‌ఆర్7లో ఒకే ఒక్క అక్షరం మారిందని కనుక్కుంది. అదే మార్పును ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ వచ్చింది. లూపస్‌లో వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ టోల్ గ్రాహకాలు ఉండే అరల్లోని ఆమ్లతను తగ్గించి వాటి నోరు నొక్కుతుంది. మలేరియా మందుగా పుట్టిన ఈ మాత్ర లూపస్‌లో ఎందుకు పనిచేస్తుందో దశాబ్దాల తరువాత గాని తెలియలేదు. 2020లో కోవిడ్ మొదటి నెలల్లో ఇదే మాత్ర కోసం జనం ఎగబడ్డారు. కోవిడ్‌కు అది పనికిరాలేదు. ఆ రోజుల్లో లూపస్ రోగులు ఒక్క పట్టీ కోసం దుకాణం తరువాత దుకాణం తిరిగారు. మందు మానితే జబ్బు తిరగబెడుతుందని తెలిసి, మాత్రను సగానికి విరుచుకుని వేసుకున్న వాళ్లను చూశాను.

ఇక బి కణాలు. యాంటీబాడీలు వాటి సంతతే తయారుచేస్తుంది. లూపస్‌లో ఈ తయారీ జబ్బు బయటపడే ముందే మొదలవుతుంది. అమెరికా సైన్యం తన సిపాయిల రక్తరసాన్ని ఏళ్ల తరబడి భద్రపరుస్తుంది. తరువాత లూపస్ బయటపడ్డ 130 మంది పాత నమూనాలను తీసి చూస్తే, 88 శాతం మందిలో జబ్బు తేలకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్లకు పైగా ముందే ఉంది. 2003లో వచ్చిన ఆ వ్యాసం చదివిన రోజు నుంచి, ‘నిన్నమొన్నటి దాకా బాగానే ఉన్న పిల్ల’ అన్న మాట విన్నప్పుడల్లా అది గుర్తొస్తూనే ఉంది.

అయితే బి కణం చేసేది యాంటీబాడీ తయారీ ఒక్కటేనా? ఎమ్‌ఆర్‌ఎల్ అనే జాతి ఎలుకలకు దానంతట అదే లూపస్ లాంటి జబ్బు వస్తుంది. వాటిలో బి కణాలే లేకుండా చేస్తే కిడ్నీ జబ్బు రాలేదు. ఇది అందరూ ఊహించిందే. 1999లో మార్క్ ష్లోమ్‌చిక్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. బి కణాలు ఉంటాయి కానీ రక్తంలోకి యాంటీబాడీ విడుదల చేయలేవు, అలాంటి ఎలుకలను తయారుచేశారు. వాటికి కిడ్నీ జబ్బు వచ్చింది. రక్తంలో యాంటీబాడీ లేకుండానే! బి కణం టి కణం అనే మరో రకం తెల్లకణానికి ‘ఇదిగో, ఇదే శత్రువు’ అని చూపిస్తుంది, దాన్ని రెచ్చగొడుతుంది. ఆ ఒక్క పనే కిడ్నీలోకి టి కణాలను నడిపించడానికి సరిపోయింది. కణాల మధ్య ఈ సంభాషణే అసలు జబ్బని నాకు ఆ ప్రయోగం చదివాకే అర్థమైంది.

అలాగే రెండో వైపు నుంచి కూడా ఒక ప్రయోగం ఉంది. ఆ ఏడాది 1998. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలోనే జెఫ్రీ రావెచ్, రాఫెల్ క్లైన్స్ న్యూజిలాండ్ జాతి ఎలుకలను తీసుకున్నారు. ఈ ఎలుకలను మొదట డ్యునెడిన్‌లో పెంచారు, లూపస్ కిడ్నీకి అరవైల నుంచీ ఇవే నమూనా. మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు వంటి కణాలు యాంటీబాడీ తోకను పట్టుకోవడానికి వాటి పైన ఎఫ్‌సీ గ్రాహకాలు ఉంటాయి. ఆ గ్రాహకాలు పనిచేయకుండా జన్యువును తీసేశారు. యాంటీబాడీలు ఎప్పటిలాగే పుట్టాయి. కిడ్నీలో ఎప్పటిలాగే పేరుకున్నాయి, కాంప్లిమెంట్ కూడా వాటి పక్కన చేరింది. కిడ్నీలు మాత్రం చెడలేదు. తక్కిన తోబుట్టువులు కిడ్నీ జబ్బుతో చస్తుంటే, ఒళ్లంతా యాంటీబాడీ మోసుకుంటూ ఈ ఎలుకలు బతికాయి. నేను మొదట్లో చెప్పిన రెండో ఘట్టానికి ఇదే రుజువు. పాఠం పూర్తిగా చెప్పాలంటే ఇంకో మాట కూడా చేర్చాలి. ఎమ్‌ఆర్‌ఎల్ ఎలుకల్లో ఇదే పని చేసినప్పుడు కిడ్నీలు చెడాయి. అక్కడ వేరే కణాలు, వేరే దారిన వచ్చి గాయం చేశాయి. ఒకే పేరుతో పిలిచే ఈ జబ్బులో రోగికీ రోగికీ తేడా ఎందుకుంటుందో ఈ రెండు ఎలుక జాతులను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మనిషి కిడ్నీలోకి వద్దాం. గుండె పంపే రక్తంలో అయిదో వంతు కిడ్నీలకే వెళుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల గ్లోమెరులస్‌లు, అంటే సన్నని రక్తనాళాల గుత్తులు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడకడతాయి. ఇంత రక్తం, ఇంత ఒత్తిడితో, ఇంత సన్నని పొరల గుండా పోయే చోట ఏ ముద్ద అయినా చిక్కుకోవడంలో ఆశ్చర్యం లేదు.

బయాప్సీని మన జనం ముక్క పరీక్ష అంటారు. ఆ మాట వింటేనే భయపడతారు. కిందటి వర్షాకాలంలో ఒక తల్లి, ఇంటర్ చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది.

“డాక్టరు గారూ, ముక్క తీస్తే కిడ్నీ చెడిపోతుందంటున్నారండీ మావాళ్లు.”

“చెడిపోదమ్మా. లక్షల గుత్తుల్లో పదో ఇరవయ్యో సూదిలోకి వస్తాయి, అంతే. ఒకరోజు పడుకోబెట్టి చూసుకుంటాం, మూత్రంలో రక్తం వస్తుందేమోనని.”

“రక్త పరీక్షలో తెలీదా మరి?”

“జబ్బు ఉందని తెలుస్తుంది గానీ, ఏ రకమో, ఎంత ముదిరిందో తెలీదు. అది తెలిస్తేనే కదమ్మా మందు.”

ఆ పిల్ల మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “ప్రాక్టికల్స్‌కి వెళ్లొచ్చా సార్?”

సూదిలో వచ్చేది ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న లేత గులాబీ రంగు పోగు, ఒక మిల్లీమీటరు మందం. దాన్ని రెండు మూడు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని పల్చటి పొరలుగా కోసి, ప్రతిదీప్తి రంగులు వేసి, చీకటి గదిలో చూస్తాం. నల్లటి నేపథ్యం మీద గ్లోమెరులస్ ఆకుపచ్చగా మెరుస్తుంది. యాంటీబాడీల్లో ఐజీజీకి మెరుస్తుంది, ఐజీఏకు మెరుస్తుంది, ఐజీఎమ్‌కు, కాంప్లిమెంట్‌లో సీ3కి, సీ1క్యూకి, అన్నింటికీ మెరుస్తుంది. ఇలా అన్నీ కలిసి మెరవడం లూపస్ ముద్ర. మామూలు మైక్రోస్కోపు కింద ఇంకో భాగంలో గుత్తుల నాళాలు కణాలతో కిక్కిరిసి ఉంటాయి. గోడలు మందపడి, తీగ వంచినట్టు గట్టిగా కనిపిస్తాయి. 1935లో న్యూయార్క్‌లో బేర్, క్లెంపరర్, షిఫ్రిన్ వర్ణించిన వైర్ లూప్ ఇదే. అక్కడక్కడ గుత్తి చుట్టూ నెలవంక ఆకారంలో కణాలు పేరుకుని దాన్ని నొక్కేస్తూ ఉంటాయి. 2003 నుంచి వీటిని ఆరు తరగతులుగా విడదీసి చదువుతున్నాం. మూడు, నాలుగు తరగతులంటే గుత్తుల్లో వాపు మంట మీద ఉన్నట్టు. అయిదో తరగతి అంటే ప్రోటీను ధారగా పోతున్నట్టు. ఆరో తరగతికి వచ్చేసరికి మందుకు పని ఉండదు.

ఏళ్ల తరబడి మేం గుత్తులనే చూస్తూ కూర్చున్నాం. గుత్తుల మధ్య ఉండే గొట్టాలనూ, వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ ఒక వాక్యంలో తేల్చేసేవాళ్లం. 2011లో షికాగో యూనివర్సిటీలో మార్కస్ క్లార్క్ బృందం చూపించింది ఏమిటంటే, ఎవరి కిడ్నీ ఫెయిలవుతుందో ముందుగా చెప్పేది ఈ మధ్య కణజాలంలోని వాపే. గుత్తుల్లోని వాపు అంత బాగా చెప్పలేకపోయింది. అక్కడ టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజ్‌లు గుంపులు కట్టి ఉంటాయి. కొందరిలో బి కణాలు, టి కణాలు అక్కడే లింఫ్ గ్రంథిలో చేసే పనంతా చేస్తూ, కొత్త యాంటీబాడీల ఎంపిక కూడా అక్కడే జరుపుతున్నాయి. రక్తంలో కనిపించే యాంటీబాడీ తగ్గినా కొందరి కిడ్నీ ఎందుకు కుదుటపడదో దీంతో కొంత బోధపడింది.

అమెరికాలో ఎన్నో ఆస్పత్రులు కలిసి చేసిన ఒక పని 2019లో అచ్చయింది. 24 మంది లూపస్ రోగుల బయాప్సీలు, పది మంది కిడ్నీ దాతల నమూనాలు తీసుకుని, ఒక్కొక్క కణాన్నీ విడదీసి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివారు. తెల్లకణాల్లోనే 21 ఉపరకాలు బయటపడ్డాయి. మాక్రోఫేజ్‌ల విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. వాపును రేపేవి, వాపును ఆర్పి గాయాన్ని మాన్పేవి, రెండూ ఒకే కిడ్నీలో పక్కపక్కనే ఉన్నాయి. రక్తం నుంచి కొత్తగా వచ్చిన మోనోసైట్ క్రమంగా మాన్పే రూపంలోకి మారుతున్న ఆనవాళ్లు కూడా కనబడ్డాయి. అన్ని తెల్లకణాలనూ ఒకేలా అణిచే మందు ఇస్తే, మాన్పడానికి వచ్చిన కణాన్ని కూడా మనమే ఆపుతున్నామన్నమాట. మూత్రంలో కొట్టుకువచ్చిన కణాలు, కిడ్నీలోని కణాలు చాలావరకు ఒకే తీరులో ఉన్నాయని కూడా ఆ పరిశోధన తేల్చింది.

టి కణాల విషయంలో ఊహకు అందనిది ఒకటి జరిగింది. కిడ్నీలోకి చొరబడిన టి కణాలు ఉగ్రంగా పోరాడుతుంటాయని అనుకున్నాం. 2018లో పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఎలుకల పరిశోధనలో అవి అలిసిపోయి, సగం శక్తితో ఉన్నాయని తేలింది. క్యాన్సర్ గడ్డలో టి కణం ఎలా నీరసించి పోతుందో అలాగే. కిడ్నీ తనను తాను కాపాడుకునే ప్రయత్నం కొంత చేస్తుందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

మందుల కథను కొంచెం త్వరగా చెబుతాను. సుబ్బారావు గారి అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ పనిచేసే సూత్రం ఒకటే: ఫోలిక్ ఆమ్లం దారిని మూసేస్తే కణం డీఎన్‌ఏ అక్షరాలను తయారుచేసుకోలేదు, విభజన ఆగుతుంది. 1951లోనే అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడి చూశారు. అదే కాలంలో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ డీఎన్‌ఏ అక్షరాలకే నకిలీలు తయారుచేసి, చివరకు అజాథయోప్రిన్‌కు చేరారు. ఆ మందు ఈనాటికీ గర్భవతులైన లూపస్ రోగులకు మా చేతిలో ఉన్న భరోసా. మెథోట్రెక్సేట్ కిడ్నీ గుండానే బయటికి పోవాలి కనుక, కిడ్నీ చెడిన వాళ్లకు దాన్ని ఇవ్వలేం. ఆయన పేరు తలుచుకునే సభలో ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ ఆ ఆలోచన తాలూకు మనవడు మైకోఫినోలేట్. టి, బి కణాలు అక్షరాల తయారీకి ఎక్కువగా ఆధారపడే దారిని అది మూస్తుంది. 2000లో హాంకాంగ్‌లో చాన్ తక్‌మావ్ బృందం, అది అప్పటిదాకా వాడుతున్న సైక్లోఫాస్ఫమైడ్‌కు దీటుగా పనిచేస్తుందని చూపించింది. జుట్టు ఊడకుండా, తల్లయ్యే ఆశలు ఆరిపోకుండా కిడ్నీని కాపాడవచ్చని అప్పుడు తెలిసింది. మైకోఫినోలేట్ వాడుతుండగా గర్భం దాల్చకూడదు. ఆ మాట ముందే చెప్పి, సమయం వచ్చినప్పుడు మందు మార్చాలి.

బి కణాలను తుడిచేస్తే పోలేదా అన్నారు. రిటుక్సిమాబ్ ఆ పని చేస్తుంది. 2012లో వెలువడిన 144 మంది పరీక్షలో అది మామూలు వైద్యాన్ని మించలేదు. అందరూ నిరుత్సాహపడ్డారు. రక్తంలో బి కణాలు మాయమైనా లింఫ్ గ్రంథుల్లో, కిడ్నీ కణజాలంలో మిగిలిపోతున్నాయని తరువాత అర్థమైంది. ఇంకా లోతుగా తుడిచే ఒబినుటుజుమాబ్‌ను 271 మందిలో పరీక్షిస్తే, 76 వారాలకు పూర్తి ఉపశమనం 46.4 శాతం మందిలో వచ్చింది. మామూలు వైద్యంతో అది 33.1 శాతమే. 2025లో ఈ ఫలితం అచ్చయింది.

2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్, ఆండ్రియాస్ మాకెన్‌సెన్ బృందం ఇంకా సాహసం చేసింది. ఏ మందుకూ లొంగని కిడ్నీ జబ్బుతో ఉన్న 20 ఏళ్ల యువతి టి కణాలనే తీసి, బి కణం మీది సీడీ19ను గుర్తుపట్టేలా జన్యువు మార్చి, తిరిగి ఎక్కించారు. కొద్ది వారాల్లో డీఎన్‌ఏ యాంటీబాడీలు మాయమయ్యాయి, మూత్రంలో ప్రోటీను పడిపోయింది. 2022లో అయిదుగురి ఫలితాలు, 2024లో ఎనిమిది మంది లూపస్ రోగుల ఫలితాలు ప్రకటించారు. అందరికీ జబ్బు అణిగింది, స్టిరాయిడ్‌తో సహా మందులన్నీ ఆపేశారు. సుమారు మూడున్నర నెలలకు బి కణాలు తిరిగి పుట్టాయి. అవి చిన్నపిల్లల్లో ఉండేలాంటి కొత్త కణాలు, పాత పగ ఏదీ తెలియనివి. మీజిల్స్ వంటి టీకాల యాంటీబాడీలు చాలావరకు అలాగే ఉన్నాయి. డీఎన్‌ఏ యాంటీబాడీని తయారుచేసేవి ఎప్పటికప్పుడు పుట్టే కణాలనీ, టీకా జ్ఞాపకాన్ని మోసేవి మూలుగలో దీర్ఘకాలం దాగి ఉండే కణాలనీ ఈ ఒక్క పరిశీలనతో తేలిపోయింది. వైద్యమే ప్రయోగంగా మారి, జబ్బు గురించి మనకు కొత్త సంగతి నేర్పింది.

వైద్య విద్యార్థులకు ఒక మాట. మన దగ్గర కిడ్నీ జబ్బు అనగానే షుగర్, బీపీ, ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు గుర్తొస్తాయి. ఉద్దానంలో దెబ్బతినేది ప్రధానంగా గొట్టాలు, మధ్య కణజాలం. దాని కారణం వేరు, దారి వేరు. పాతికేళ్ల అమ్మాయి ముఖం ఉబ్బి వస్తే, మూత్రంలో అల్బుమిన్, ఎర్రకణాలు ఉన్నాయో చూడండి. ఏఎన్‌ఏ, డీఎస్ డీఎన్‌ఏ యాంటీబాడీలు, సీ3, సీ4 కాంప్లిమెంట్ పరీక్షలకు పంపండి. రోజుకు అర గ్రాము ప్రోటీను దాటితే బయాప్సీకి వెనకాడొద్దు. క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని ఇంటికి పంపేయొద్దు. అది పెరిగేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది మందు మానేయడం. సంబంధం కుదిరిందని, అత్తవారింటికి తెలిస్తే పెళ్లి చెడుతుందని, మాత్రల డబ్బా పుట్టింట్లోనే వదిలేసి వెళ్లిన అమ్మాయిలు ఆరు నెలలకు డయాలిసిస్ మంచం మీద కనబడ్డారు. వాళ్లు తప్పు చేశారని అనలేను. జబ్బు చెప్పుకుంటే ఇల్లు దొరకదన్న భయం వాళ్లది. అమ్మానాన్నలతో, వీలైతే పెళ్లికొడుకుతో కూడా కూర్చుని, జబ్బు అణిగి ఆరు నెలలు దాటితే పిల్లల్ని కనవచ్చని, ఏ మందులు ఉంచాలో ఏవి మార్చాలో చెప్పడం కూడా మా వైద్యంలో భాగమే. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కూడా ఆపక్కర్లేదు. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకుంటే చాలు.

ఇప్పుడు మా ముందున్న ప్రశ్న ఇది. మందులతో ప్రోటీను తగ్గి, క్రియాటినిన్ కుదుటపడి, రోగి బాగున్నానంటున్నా, రెండోసారి బయాప్సీ చేస్తే కొందరి కిడ్నీలో కణాలు ఇంకా మంటమీదే ఉంటున్నాయి. వాళ్లకు మందు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంకొందరిలో ప్రోటీను పోతూనే ఉంటుంది, లోపల చూస్తే మంట లేదు, మచ్చ మాత్రమే ఉంది. వాళ్లకు మందు పెంచడం అనవసరపు శిక్ష. ఈ ఇద్దరినీ బయట నుంచి వేరుచేయడానికి మూత్రంలోని కణాలు, మాక్రోఫేజ్‌లు విడిచే సీడీ163 ప్రోటీను ఉపయోగపడతాయేమోనని చాలాచోట్ల పరీక్షిస్తున్నారు. ఆ పరీక్ష జిల్లా ఆస్పత్రి లాబ్‌లో, మూత్రం సీసాతోనే, సూది లేకుండా, ఒక పూటలో జరిగేలా తయారుచేయడం మనవాళ్లు చేయగల పని. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు గారు రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. రంగు మారడాన్ని చూసి కొలిచే ఆ పద్ధతిని తరతరాల లాబ్‌లు వాడాయి. అలాంటి కొలత ఒకటి లూపస్ కిడ్నీకి కావాలి. ఇక్కడున్న విద్యార్థుల్లో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే, నమూనాలు సేకరించడానికి మా వార్డు తలుపులు తెరిచే ఉంటాయి.